ఎర్ర చుక్కల కాలెండరు

పోయిన వారం మిమ్మల్ని మా కుట్టుగదిలో, కింద పడిన కత్తెర దగ్గర వదిలేశాను. కటింగ్ బల్ల మీది పెద్ద కత్తెర నా మోచెయ్యి తగిలి గచ్చు మీద పడింది. ఆ చప్పుడుకి నేను ఉలిక్కిపడ్డాను. గుమ్మంలో నిలబడ్డ మా వదిన, అంటే మా ఆయన అక్కగారు, ఉలిక్కిపడింది. కిటికీ మీది పావురం లేచిపోయింది. బల్ల పక్కన మాకు వీపు పెట్టి కూర్చుని బొమ్మ వేసుకుంటున్న మా అమ్మాయి మాత్రం కదల్లేదు.

మా అమ్మాయికి ఐదున్నరేళ్ళు. ఒక్కచోట నిలబడదు కనక ఇంట్లో అందరం బొంగరం అంటాం. అలాంటి పిల్ల తల కూడా తిప్పలేదు. "బొమ్మ వేసేటప్పుడు దానికి ఒళ్ళు తెలీదు వదినా" అని నేను నవ్వేశాను. వదిన నవ్వలేదు. బస్టాండులో టికెట్ల కౌంటరు దగ్గర రోజంతా మనుషుల్ని చూసే మనిషి, మాట తక్కువ. మర్నాడు డ్యూటీ దిగి నేరుగా చెవుల ఆస్పత్రికెళ్ళి, శుక్రవారం పొద్దున పరీక్షకి పిల్ల పేరు రాయించి వచ్చింది.

ఆ శుక్రవారం ఇదే.

పిల్లల పెంపకంలో నన్ను మించినవాళ్ళు లేరనుకుని మూడేళ్ళు తిరిగాను, అదీ చెప్పాలి. నేను బట్టలు కుడతాను. స్కూలు యూనిఫారాలు కుట్టించుకోవడానికి వచ్చిన తల్లులు, బొంగరం గుండీలని రంగులవారీగా గిన్నెల్లో వేసుకోవడం చూసి, "ఇంత చిన్నపిల్లకి ఎలా నేర్పావమ్మా" అని అడిగేవాళ్ళు. చెప్పేదాన్ని. అలా చెప్పి చెప్పి ఫోన్లో ఒక గ్రూపు తయారైంది. మొదట పదిమంది, తర్వాత మూడువందల పైచిలుకు. ప్రతి ఆదివారం పొద్దున నేను నా గొంతుతో ఒక చిట్కా పంపాలి. గుండీలతో కూడికలు. టేపుతో అంకెలు. జేబురుమాలు మడతపెడితే సగం, ఇంకోసారి మడిస్తే పావు. ఉతికిన మేజోళ్ళు కుప్పగా పోసి జతలు వెతికించండి, పిల్లకి చదువు, మీకు పని తప్పుతుంది. ఇవేవీ అబద్ధాలు కావు, చేసి చూసి చెప్పినవే. నాకు చిట్కాలమ్మ అని పేరు పెట్టారు. "అంత లేదులెండి" అని పైకి అనేదాన్ని కానీ, లోపల పొంగిపోయేదాన్ని.

అన్నిటికన్నా పేరొచ్చిన చిట్కా, ఎనిమిది నెలల కిందట చెప్పిన 'ఒక్క పిలుపు'. పిల్లని ఒక్కసారే పిలవండి. రెండోసారి పిలిస్తే మొదటి పిలుపుకి విలువ పోతుంది. రాకపోతే అరవకండి, కొట్టకండి. గోడ మీది కాలెండరులో ఆ తేదీ మీద ఒక ఎర్ర చుక్క పెట్టండి. రోజుకి మూడు చుక్కలు పడితే ఆ సాయంత్రం కథ లేదు. అంతే. మా కాలెండరు ఫొటో కూడా పెట్టాను. ఆ వారం ఎన్ని ఇళ్ళలో ఎర్ర స్కెచ్ పెన్నులు కొన్నారో నాకు తెలుసు, ఫొటోలు నాకే పంపారు.

ఆస్పత్రికి బయల్దేరుతూ పిల్ల జడ అల్లుతున్నాను కదా, నా మనసులో ఏముందో చెప్పమంటారా? ఈ పిల్లకి చెవుల్లో ఏమీ లేదని తేలితే బతికిపోతాను. ఉందని తేలితే ఎల్లుండి ఆదివారం ఆ మూడువందల మందికి ఏమని చెప్పను? పిల్ల గురించి ఎంత భయపడ్డానో, ఆ ఆదివారం గురించీ అంతే భయపడ్డాను. తల్లిని అనుకోవడానికి సిగ్గేసింది. అయినా ఆ లెక్క మనసులోంచి పోలేదు.

ఆస్పత్రి హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వరసగా ఉన్నాయి. గోడ మీద చెవి లోపలి భాగాల పటం, దాని పక్కన చప్పుడు లేకుండా ఆడుతున్న టీవీ. మా ఆయన ప్రెస్సులో మిషన్ నడుపుతారు. ఆ పొద్దుటి షిఫ్టు ఇంకొకరికి అప్పగించి వచ్చారు. గోళ్ళ సందుల్లో సిరా అలాగే ఉంది. చంకలో పాత పేపరు చుట్టిన గొట్టం లాంటిదేదో పెట్టుకున్నారు. ప్రెస్సువాళ్ళ కాగితాలు కాబోలు అనుకుని అడగలేదు. మమ్మల్ని కూర్చోబెట్టి చీటీ కోసం కౌంటరు దగ్గరికి వెళ్ళారు.

"కాళ్ళు ఊపకే బొంగరం" అన్నాను, టీవీ వైపు చూస్తూ. అది ఊపుతూనే ఉంది.

పక్క కుర్చీలో ఆవిడ గిరుక్కున తిరిగింది. ముప్పై దాటని వయసు. చీర కొంగు మీద మైదాపిండి మరకలు. ఆవిడకి అవతల ఒక పెద్దాయన, చెవిలోంచి మిషన్ తీసి చేతిలో పట్టుకుని, అది పలకట్లేదన్నట్టు ఊపి ఊపి చూసుకుంటున్నాడు.

"మీరు చిట్కాలమ్మగారు కదండీ?" అంది. "మొహం ఎప్పుడూ చూళ్ళేదు కానీ గొంతు పట్టేశాను. నేను బేకరీలో చేస్తానండీ. పొద్దున పిండి కలుపుతూ మీ మాటలే పెట్టుకుంటాను."

ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకి నా మొహం వెలిగిపోయేది. ఆ చోట మాత్రం నాకు లేచి పారిపోవాలనిపించింది.

"మీ ఒక్క పిలుపు మా ఇంట్లోనూ పెట్టానండీ" అని ఆవిడ దగ్గరికి జరిగింది. "మా పిల్లకి నాలుగేళ్ళు. ఎంత మొండిదో చెప్పలేను. పిలిస్తే ఎటో చూస్తుంది. ఇవాళ పొద్దున్నే రెండు చుక్కలు పడ్డాయి. మూడోది పడితే కథ లేదని చెప్పి మా ఆడపడుచు దగ్గర వదిలేసి, మామగారి చెవి మిషన్ బాగుచేయిద్దామని ఇలా వచ్చాను. మీరెవరికి చూపించడానికొచ్చారు?"

"మా అత్తగారికండీ" అన్నాను.

మా అత్తగారు పోయి నాలుగేళ్ళయింది. నోటికి వేరే ఎవరూ దొరకలేదు. పోయిన మనిషికి చెవులు చూపిస్తున్నానని చెప్పి నవ్వు మొహం పెట్టుకుని కూర్చున్నాను. తల ఎత్తేసరికి మా ఆయన చీటీ పట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్నారు. అంతా విన్నారు.

"పెద్దావిడ ఏరండీ, కనపడలేదే" అంది బేకరీ ఆవిడ, మర్యాదకి అటూ ఇటూ చూస్తూ.

నేను నోరు తెరిచేలోపు ఆయనే అన్నారు. "లోపల ఉన్నారు."

మా ఆయన అబద్ధం ఆడగా నేను చూడటం అదే మొదలు. అదీ వాళ్ళమ్మ మీద. నా పరువు కోసం. నా మొహం చూడకుండా వంగి, పిల్ల భుజం మీద చెయ్యి వేసి, "పద తల్లీ" అన్నారు. అది ఠక్కున లేచి ఆయన వేలు పట్టుకుంది. వాళ్ళ వెనకాల నేను తల దించుకుని నడిచాను.

పరీక్ష గది చాలా చిన్నది. గోడలకి మెత్తటి గుడ్డ తాపడం, ఒకవైపు అద్దం. అద్దానికి అవతల పరీక్ష చేసే అమ్మాయి, ఆ అమ్మాయి పక్కన మా ఆయన. ఇవతల చిన్న బల్ల, దాని మీద చెక్క ముక్కలు, ఒక ప్లాస్టిక్ గిన్నె, బల్లకి అటూ ఇటూ రెండు స్పీకరు పెట్టెలు. బల్లకి ఎదురుగా నా కుర్చీ. ఆ అమ్మాయి ముందు లోపలికి వచ్చి, బొంగరం ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని చెప్పింది.

"ఈ రెండు పెట్టెల్లోంచి పిట్ట కూసినట్టు చప్పుడు వస్తుంది. వినపడగానే ఒక ముక్క గిన్నెలో వెయ్యాలి. చిన్నగా వినపడినా వెయ్యాలి. సరేనా?"

బొంగరం ఆ అమ్మాయి నోటి వైపే చూస్తూ తలూపింది.

మొదటి నాలుగైదు చప్పుళ్ళు గట్టివి. ఠక్కు ఠక్కున ముక్కలు పడ్డాయి. నాకు ఊపిరి ఆడింది. తర్వాత చప్పుడు తగ్గింది. నాకు శుభ్రంగా వినపడింది. పిల్ల ముక్క పట్టుకుని అలాగే ఉంది. ఉండి, నా మొహంలోకి చూసింది.

నేను గడ్డం కాస్త దించాను.

ముక్క గిన్నెలో పడింది.

మళ్ళీ చప్పుడు. మళ్ళీ నా వైపు చూపు. మళ్ళీ గడ్డం. పడింది. పరీక్ష పాసైపోతున్నాం ఇద్దరం. 'పిల్లకి జవాబు అందించకండి, తెలియకపోతే తెలియలేదనే చెప్పనివ్వండి, అదే చదువు' అని ఒక ఆదివారం నేనే చెప్పాను. ఎంతమంది చప్పట్ల బొమ్మలు పెట్టారో కూడా గుర్తుంది. ఇప్పుడు నా కూతురి చెవుల పరీక్షలో నేనే కూర్చుని కాపీ కొట్టిస్తున్నాను.

తలుపు తెరుచుకుంది. "అమ్మా, మీ కుర్చీ కొంచెం గోడ వైపు తిప్పుకుంటారా" అంది ఆ అమ్మాయి, చాలా మెల్లగా. "పాప మీ గడ్డం చూసి వేస్తోంది. చాలామంది అమ్మలు చేస్తారులెండి, తెలీకుండానే."

నేను తెలిసే చేశాను. ఆ మాట చెప్పాలనుకున్నాను. చెప్పకుండా కుర్చీ తిప్పుకున్నాను.

తప్పు చేసిన పిల్లని గోడవైపు నిలబెడతారే, అలా కూర్చున్నాను. ఇక చప్పుడు వచ్చినప్పుడల్లా నాకు వినపడేది, దాని వెనకాల ముక్క పడాల్సిన చప్పుడు వినపడేది కాదు. పిట్ట కూసింది. ఏమీ లేదు. కొంచెం గట్టిగా కూసింది. ఏమీ లేదు. ఇంకొంచెం. వెయ్యి తల్లీ, వెయ్యి అని లోపల గొణుక్కుంటున్నాను. ఏమీ లేదు. పక్కగదిలో మనిషిని పిలిచేంత గట్టిగా వచ్చింది. అప్పుడు పడింది ముక్క, సంకోచంగా.

ఆ అమ్మాయి మళ్ళీ లోపలికి వచ్చి గిన్నె ఖాళీ చేస్తూ పిల్లని పలకరించింది. "అమ్మ అటు తిరిగి కూర్చుంటే భయం వేసిందా?"

"లేదు. అమ్మ రోజూ అలాగే కూర్చుంటుంది" అంది బొంగరం.

"అలాగా. ఏం చేస్తుంది?"

"కుడుతుంది. గోడతో మాట్లాడుతుంది. తర్వాత లేచి చుక్క పెడుతుంది."

నా కుట్టుమిషన్ కిటికీ కింద ఉంటుంది, వెలుతురు కోసం. గదికి వీపు పెట్టి కూర్చుంటాను. మోటారు ఆడుతూనే ఉంటుంది. కాలు తియ్యకుండా, తల తిప్పకుండా, 'బొంగరం, ఆ దారపుండ ఇలా తే' అంటాను. ఎనిమిది నెలలుగా ఆ పిల్లకి నేను గోడతో మాట్లాడుకునే మనిషిని. ఎందుకు మాట్లాడుతున్నానో తెలీదు. ఎందుకు చుక్క పెడుతున్నానో తెలీదు. అడగలేదు కూడా, అమ్మ చేసే పనుల్లో అదొకటి అనుకుంది.

తర్వాత చెవిలో చిన్న బిరడా లాంటిది పెట్టి గాలి ఒత్తి ఇంకో పరీక్ష చేశారు. బొంగరానికి అది చక్కిలిగింత. కిలకిలా నవ్వింది. యంత్రంలోంచి వచ్చిన కాగితం మీద కొండలా లేవాల్సిన గీత, రెండు చెవులకీ, తిన్నగా చాప పరిచినట్టు ఉంది.

"కర్ణభేరి వెనక నీరు చేరిందండీ, రెండు వైపులా" అంది ఆ అమ్మాయి, మమ్మల్నిద్దర్నీ బల్ల ముందు కూర్చోబెట్టి. "ఎడమ వైపు ఎక్కువ. నీళ్ళలో మునిగి, గట్టు మీదవాళ్ళ మాటలు వింటే ఎలా ఉంటుందో అలా వింటోంది పాప. ఎదురుగా, దగ్గరగా మాట్లాడితే అందుతుంది. పెదవులు చూసి మిగతాది కలుపుకుంటోంది, తెలివైన పిల్ల. వెనకనుంచి పిలిస్తే, చప్పుడులో పిలిస్తే అందదు."

"తగ్గుతుందా?" అని మా ఆయన అడిగారు.

"తగ్గుతుందండీ. డాక్టరుగారు చూసి మందులా, చిన్న ఆపరేషనా చెప్తారు. ఎన్నాళ్ళుగా ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎప్పట్నుంచి గమనించారు?"

"ఈమధ్యేనండీ" అన్నాను. "ఒక నెల అయ్యుంటుంది."

మా ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు. చంకలోని గొట్టం తీసి, పేపరు విప్పి, బల్ల మీద పరిచారు. మా కాలెండరు. పొద్దున నేను పిల్లకి జడ వేస్తుండగా మేకు నుంచి తీసినట్టున్నారు. చుట్టిన కాగితం కదా, అంచులు లేస్తుంటే రెండు అరచేతులతో అదిమి పట్టుకుని, "ఎప్పట్నుంచి అనేది ఇందులో ఉంటుందమ్మా" అన్నారు.

ఆ అమ్మాయి ముందుకు వంగింది. ఒక్కో నెలా తిప్పింది. ఎర్ర చుక్కలు, ఎర్ర చుక్కలు.

"ఇవేంటండీ?"

ఆయన చెప్పలేదు. నేను చెప్పాలి కనక. నా గొంతు నాకే వినపడనంత చిన్నగా వచ్చింది. "పిలిస్తే రాని సార్లు."

"మీరు పెట్టారా ఇవి?"

"నేనే."

"చాలా మంచి పని చేశారమ్మా" అంది. నిజంగానే అంది, ఆ అమ్మాయి మొహంలో ఎగతాళి లేదు. "ఇంత వివరంగా ఎవరూ తీసుకురారు. చూడండి, ఈ రెండు వారాలూ నిండిపోయాయి. అప్పుడు పాపకి జలుబు చేసిందా?"

చేసింది. ముక్కు కారుతుంటే తుడుస్తూనే చుక్కలు పెట్టాను.

"ఆదివారాలు మాత్రం ఒక్కటీ లేదే?"

"ఆదివారం కుట్టుమిషన్ ఆడదు" అన్నారు మా ఆయన. "నేను ఇంట్లో ఉంటాను. మా ప్రెస్సులో మిషన్ల చప్పుడుకి మాట వినపడదు. ఎవరితో పనున్నా ముందు భుజం తట్టాలి, ఎదురుగా నిలబడాలి, అప్పుడు నోరు విప్పాలి. అదే అలవాటు ఇంట్లోనూ. నాకూ తెలీలేదమ్మా. నేను పిలిస్తే వచ్చేది కదా."

'మీ గారాబం వల్లే నా మాటకి విలువ లేకుండా పోయింది' అని ఆయన్ని ఎన్నిసార్లు దెప్పానో. అలవాటుకొద్దీ నా భుజం తడితే, 'నేనేం మీ మిషన్నా' అని కసిరేదాన్ని. ఆయన దాన్నీ నవ్వుతూ సరిపెట్టుకునేవారు. ఇప్పుడు కూడా ఆయన గొంతులో నింద లేదు. తనకీ తెలీలేదని నా తప్పులో సగం తన మీద వేసుకున్నారు. అదే నాకు మరీ తలవంపుగా ఉంది. ఒక్క మాట తిడితే ఏడ్చి ఊరుకునేదాన్ని.

చుక్కలన్నీ మనసులో తిరిగాయి. మూడు చుక్కలు పడిన సాయంత్రాలు. కథ లేదంటే బొంగరం గొడవ చేసేది కాదు. తన దుప్పటి తనే పరుచుకుని, మోకాళ్ళు దగ్గరికి తీసుకుని కాసేపు కూర్చుని పడుకునేది. 'చూశారా, ఏడుపు లేదు, అలక లేదు, పిల్లలకి న్యాయం అర్థమవుతుంది' అని ఆ సంగతి కూడా గ్రూపులో చెప్పుకున్నాను. దానికి అర్థమైంది న్యాయం కాదు. ఏ రోజు కథ ఉంటుందో, ఏ రోజు ఉండదో తన చేతుల్లో లేదని అర్థమైంది. అందుకని ఆశ మానుకుంది.

డాక్టరుగారి పిలుపు వచ్చేదాకా హాల్లో కూర్చోమన్నారు. గుమ్మం దగ్గర ఆగిపోయాను. బేకరీ ఆవిడ అక్కడే ఉంది. మామగారి మిషన్ బాగైనట్టుంది, ఆయన అందరి మాటలకీ సంతోషంగా తల తిప్పుతున్నాడు.

"ఆదివారం గ్రూపులో చెప్తానండీ, అన్నీ చెప్పేస్తాను" అన్నాను మా ఆయనతో.

"ఆదివారం దాకా ఎందుకు" అన్నారాయన. "ఆవిడ ఇక్కడే ఉంది. వాళ్ళ పిల్లకి ఇవాళ రెండు చుక్కలు పడ్డాయట."

వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక చివరినుంచి మొదలుపెట్టాను.

"మీకిందాక అబద్ధం చెప్పానండీ. మా అత్తగారు లేరు, పోయారు. చూపించింది మా అమ్మాయికి. దానికి చెవుల్లో నీరు చేరింది. ఎనిమిది నెలలుగా నేను పిలిచింది దానికి వినపడలేదు. వినపడని పిల్లకి చుక్కలు పెట్టాను. మీ చేత కూడా పెట్టించాను. మీ పాపని తీసుకొచ్చి చూపించండి. ఇవాళే చూపించండి."

ఆవిడ మొహంలో మొదట ఏమీ కనపడలేదు. చెప్పింది తప్పుగా విన్నానేమో అన్నట్టు బొంగరం వైపు చూసింది. పిల్ల కిటికీ దగ్గర మాకు వీపు పెట్టి నిలబడి, అద్దం మీద వేలితో ఏదో గీసుకుంటోంది.

"మా పిల్లకి కూడా..." అని ఆగింది.

"కాకపోవచ్చు. నాకు తెలీదు. నాకు తెలీదని అప్పుడే చెప్పాల్సింది."

"నిన్న దాన్ని వీధి గుమ్మంలో నిలబెట్టానండీ" అంది ఆవిడ. "లోపలికి రా అని ఒక్కసారే పిలిచాను. రాలేదు. రెండోసారి పిలవకూడదు కదా అని తలుపు వేసేశాను. ఎంతసేపు నిలబడిందో కూడా చూళ్ళేదు, పొయ్యి మీద పని ఉండి." కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. కాసేపటికి గొంతు మారింది. "నాకు ముందే అనుమానం వచ్చింది తెలుసా."

ఆవిడ నా వైపు పూర్తిగా తిరిగింది.

"మూడు నెలల కిందట గ్రూపులో ఒకావిడ రాసింది. 'చుక్కలు పెట్టేముందు పిల్లల చెవులు ఒకసారి చూపించండమ్మా' అని. చదవగానే నాకు గుండె ఝల్లుమంది. చూపిద్దామా అనుకున్నాను. సాయంత్రం చూస్తే ఆ మాట లేదు, గ్రూపులో ఆవిడా లేదు. మర్నాడు మీరు చెప్పారు కదా. 'పిల్లల్లేనివాళ్ళు చెప్పే పెంపకాలు మనకెందుకు' అని. ఎంత నవ్వొచ్చేలా చెప్పారో. నేనూ నవ్వు బొమ్మ పెట్టాను. చూపించడం మానేశాను."

నా వెనక మా ఆయన కుర్చీ కిర్రుమంది.

ఆయన ఆ గ్రూపులో లేరు. ఇది ఆయన ఎప్పుడూ వినలేదు. ఆ మాట రాసింది మా వదినే. ఆవిడకి పెళ్ళయి ఇరవై ఏళ్ళు, పిల్లల కోసం ఎన్ని ఆస్పత్రులు తిరిగిందో, ఆఖరికి తిరగడం ఎప్పుడు మానేసిందో ఆయనకి తెలుసు. నాకూ తెలుసు. తెలిసే అన్నాను. ఆ రోజు ఆవిడ రాసింది చదివి, నా ఇంటి మనిషి నా గ్రూపులో నన్ను తప్పుపడుతుందా అని ఒళ్ళు మండిపోయింది. మాట తీసేశాను, మనిషిని తీసేశాను, తీసేశాక వెక్కిరించాను. వదిన ఆ వెక్కిరింపు వినలేదు. ఎందుకు తీసేశావని కూడా నన్ను అడగలేదు. వారం తిరిగేసరికి బొంగరానికి రంగు పెన్సిళ్ళు పట్టుకుని ఎప్పట్లాగే వచ్చింది.

"ఆవిడెవరో మీకు తెలుసా?" అంది బేకరీ ఆవిడ. "నంబరుంటే ఇవ్వండి. నేను ఆవిడకి క్షమాపణ చెప్పుకోవాలి."

తెలుసు అనాలి. ఒక్క మాట. మా ఆయన చూపు నా వీపు మీద తెలుస్తోంది.

అప్పుడు మెట్లెక్కి వదిన వచ్చింది. టికెట్ల కౌంటరు యూనిఫారం చొక్కాతోనే, పిల్లకి తినడానికి చిన్న డబ్బా పట్టుకుని. దూరం నుంచే మా అందరికీ చెయ్యి ఊపింది. కిటికీ దగ్గర బొంగరం ఇటు తిరిగి లేదు. వదిన పేరు పెట్టి పిలవలేదు. నడిచి వెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి, దాని ఎదురుగా గొంతుక్కూర్చుని, అప్పుడు మాట్లాడింది. ఈ పద్ధతి ఆవిడకి ఎన్నాళ్ళ నుంచి ఉందో, నేనెందుకు చూళ్ళేదో.

"గుర్తు రావట్లేదా?" అంది బేకరీ ఆవిడ. ఫోన్ తీసింది. "ఉండండి. మీ మాటలన్నీ దాచుకుంటాను నేను. వింటే గుర్తొస్తుంది."

"వద్దండీ" అన్నాను. అన్నాననే అనుకున్నాను. మామగారి కోసమని ఆ ఫోను ఎప్పుడూ గొంతు పెంచే ఉంటుంది కాబోలు, హాలంతా మోగింది. ముందు నా నవ్వు, తర్వాత నా మాట. పిల్లల్లేనివాళ్ళు చెప్పే పెంపకాలు మనకెందుకమ్మా. మళ్ళీ నా నవ్వు.

వదిన చెయ్యి ఇంకా పిల్ల భుజం మీదే ఉంది. మెల్లగా తల తిప్పింది. ఫోన్ వైపు చూడలేదు, తమ్ముడి వైపు చూడలేదు. నా వైపే చూసి, ఎప్పటి గొంతుతోనే అడిగింది.

"ఇది నా గురించేనా అమ్మాయ్?"